పన్నెండో నంబరు తీగలు

మా వీధిలో ఫలానా ఇంటి పిల్లలు ఇంటర్‌లో చేరారని ఎవరూ పనిగట్టుకుని చెప్పక్కర్లేదు. ఆ ఇంట్లో టీవీ చప్పుడు ఆగిపోతే తెలిసిపోతుంది. వనస్థలిపురంలో ఇదొక వ్రతం. కాలేజీలో ఫీజు కట్టిన వారంలోనే కేబుల్ పీకించేస్తారు. ఆ రెండేళ్ళూ పెళ్ళిళ్ళకు తల్లి ఒక్కతే వెళ్ళి, నాలుగు అక్షింతలు చల్లి, భోజనానికి కూడా కూర్చోకుండా ఆటో ఎక్కేస్తుంది. చుట్టాలెవరైనా వస్తామని ఫోన్ చేస్తే "పాపకి వీకెండ్ టెస్టు" అంటే చాలు, వాళ్ళే తప్పయిపోయిందని ఫోన్ పెట్టేస్తారు. మా ఎదురింటివాళ్ళు పెంపుడు కుక్కను కూడా ఊరికి పంపేశారు. పాపం ఆ కుక్క ఏ ర్యాంకుకి అడ్డొచ్చిందో నేను అడగలేదు. అడిగే మొహం నాకు లేదు. నేను మా అమ్మాయి గిటారు తీగలు కోసినదాన్ని.

మాటవరసకు అనడం లేదు, నిజంగానే కోశాను. మేకులు పీకడానికి ఇంట్లో ఉంచుకునే కటింగ్ ప్లయర్‌తో, ఒకటి తర్వాత ఒకటి, ఆరూ.

దీనికి ముహూర్తం పెట్టినాయన కాలేజీ డీన్. పేరెంట్స్ మీటింగులో ఆయన మైకు పట్టుకుని, "మీ ఇంట్లో డిస్ట్రాక్షన్ ఏంటో మీకు తెలుసు. దాచకండి. దాస్తే పిల్లలు వెతుక్కుంటారు. లేకుండా చేయండి" అన్నాడు. నేను మన్సూరాబాద్ దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్ని. పిల్లల్ని ఒత్తిడి చేయకండి, ఆడుకోనివ్వండి అని ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో తల్లిదండ్రులకు చెబుతూ వస్తున్నాను. అలాంటి మహాతల్లిని ముందు వరసలో కూర్చుని, డీన్ గారు చెప్పిందంతా డైరీలో రాసుకున్నాను. "లేకుండా చేయాలి" అన్నమాట కింద గీత కూడా గీశాను.

మా ఇంట్లో డిస్ట్రాక్షన్ అంటే గిటారే. ఎనిమిదో తరగతిలో వాళ్ళ నాన్న కొనిచ్చారు. ఆదివారం ఆదివారం కొత్తపేటలో ఒక మాస్టారి దగ్గరికి వెళ్ళేది, మిగతాది ఫోన్‌లో వీడియోలు చూసి తనే నేర్చుకుంది. సాయంత్రం హాల్లో దివాన్ మీద కూర్చుని వాయించేది. బాగా వాయించేదా అంటే, ఏమో, వీధిలో వాళ్ళు అలా అనేవారు.

కోసిన రోజు అది అరుస్తుందనుకున్నాను. అరిస్తే ఏం చెప్పాలో కూడా తయారు చేసుకుని వెళ్ళాను. అది అరవలేదు. ప్లయర్ వంకా నా వంకా చూసి, గిటారు తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. "టక్కున కోస్తే దెబ్బ తింటుందమ్మా. ఆగు, వదులు చేస్తాను" అంది. తీగలు బిగించే కీలు ఒక్కొక్కటే తిప్పి వదులు చేసింది. నేను ఒక్కొక్కటే కోశాను. అంత వదులయ్యాక కోయడమెందుకు, విప్పి ఒక కవర్లో పెడితే సరిపోయేది కదా అని ఇప్పుడు బుర్ర పనిచేస్తోంది. కానీ డీన్ గారు దాచొద్దన్నారు కదా మరి.

మర్నాడు స్టాఫ్ రూములో ఈ సంగతి గొప్పగా చెప్పుకున్నాను. "మా అమ్మాయి కిక్కురుమనలేదు తెలుసా" అన్నాను. అందరూ మెచ్చుకున్నారు. పెంచితే అలా పెంచాలి అన్నారు.

రెండేళ్ళు గడిచాయి. ర్యాంకు వచ్చింది. దండోరా వేయించాల్సినంత గొప్పదీ కాదు, దుప్పటి కప్పుకోవాల్సినంత చెడ్డదీ కాదు. ఇక్కడికి దగ్గర్లోనే ఇంజనీరింగ్ సీటు వస్తుందన్నారు. స్వీట్లు పంచాం. కేబుల్ పెట్టించాం. చుట్టాలకు ఫోన్లు చేసి రమ్మన్నాం. ఇల్లంతా మళ్ళీ మామూలైపోయింది, అది ఒక్కత్తీ తప్ప. ఏదడిగినా "సరే అమ్మా" అనేది. తింటావా అంటే సరే, పడుకుంటావా అంటే సరే. ఏ కూతురైనా తల్లి మాటకి అన్నిసార్లు సరే అంటే ఏదో తేడా ఉన్నట్టే. నాకు అర్థం కావడానికి నెల పట్టింది.

అప్పుడు అటక మీంచి గిటారు సంచీ దింపి, దుమ్ము దులిపి, పండగ బహుమతి ఇస్తున్నంత బడాయిగా దాని ముందు పెట్టాను. అది జిప్ కూడా తీయలేదు. "ఎవరికైనా ఇచ్చేయమ్మా" అంది.

ఇన్నాళ్ళూ ఆ గిటారు అటక మీద ఉంది, పరీక్షలయ్యాక దింపుతాను, తీగలు వేయిస్తాను, అంతా సర్దుకుంటుంది అనే లెక్కలో ఉన్నాను. లెక్కల టీచర్ని కదా, తీసివేసినదాన్ని మళ్ళీ కలిపితే పాత సంఖ్యే వస్తుందని నా నమ్మకం. దానికి గిటారే అక్కర్లేకుండా పోతే మాత్రం, అది ప్రేమించిన ఒకే ఒక్కదాన్ని నేను చంపేశానని తేలిపోతుంది. అది మళ్ళీ ఒక్కసారి వాయించాలి. నాకు కావాల్సింది అంతే.

మా అమ్మాయి నాలుగు రోజులు బడంగ్‌పేట్‌లో వాళ్ళ పిన్ని ఇంటికి వెళ్ళింది. అదే అదననుకున్నాను. స్కూలుకి సెలవు పెట్టి, ఎల్బీ నగర్ దాకా ఆటోలో వెళ్ళి, మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాను. దార్లో కిటికీలోంచి చూస్తే భవనాలు కనిపించవు, ర్యాంకుల ఫ్లెక్సీలే కనిపిస్తాయి. ప్రతి ఫ్లెక్సీ మీదా పాస్‌పోర్ట్ ఫోటోలో బిక్కమొహాలు. అంత సంతోషకరమైన వార్తకి అన్ని ఏడుపు మొహాలు ఎలా దొరికాయో వీళ్ళకి.

దుకాణం ఒక కర్రీ పాయింటుకీ లేడీస్ హాస్టల్‌కీ మధ్య ఇరుక్కుని ఉంది. లోపల గోడ నిండా గిటార్లు, కింద తబలాలు, హార్మోనియంలు. దుకాణదారు యాభై దాటిన మనిషి, ముక్కు చివర కళ్ళద్దాలు, చేతిలో టీ గ్లాసు.

"గిటారుకి తీగలు కావాలండీ" అన్నాను, కిలో పంచదార కావాలన్నంత తేలిగ్గా.

"నైలానా, స్టీలా మేడం?"

"స్టీలే." ఆ మాత్రం తెలుసు. కోసింది నేనే కదా.

"గేజ్ ఎంత?"

"అంటే?"

"అంటే మందం. పది, పదకొండు, పన్నెండు అని ఉంటయ్. పది పల్చగుంటది, నొక్కుడు అల్కగ. పన్నెండు మందంగుంటది, సౌండ్ పెద్దగొస్తది, గాని వేళ్ళు నొస్తయ్. ఇదివరకు ఏదుండె?"

"తెలీదు."

"పాత తీగ ముక్క తెచ్చిన్రా?"

"లేదండీ, పారేశాం."

"ఎవరు వాయిస్తరు?"

"మా అమ్మాయి." ఒక ప్రశ్నకైనా జవాబు తెలిసినందుకు ప్రాణం లేచొచ్చింది.

"పిక్ తోని, గదే ప్లాస్టిక్ బిళ్ళతోని వాయిస్తదా, ఉత్త వేళ్ళతోనా? పాడుకుంట వాయిస్తదా, ఉత్తగ వాయిస్తదా?"

నేను చీరల షాపులో పోగు లాగి చూసి చెబుతాను, రెండు ఉతుకులకి రంగు దిగుతుందో లేదో. బెండకాయ కొస విరిచి లేతదో ముదురో చెబుతాను. తొమ్మిదో తరగతిలో ఏ పిల్లాడు ఎవరిది చూసి రాశాడో పేపరు చూసి చెబుతాను. నా కూతురు మూడేళ్ళు నా ఇంట్లో, నా హాల్లో, నాకు పది అడుగుల దూరంలో గిటారు వాయించింది. పిక్‌తో వాయించేదో వేళ్ళతో వాయించేదో నాకు తెలీదు. సిలబస్‌లో లేని ప్రశ్న అడిగితే మా పిల్లలు చూసే చూపు ఒకటుంటుంది. ఆ చూపు ఆయన వైపు చూశాను.

పక్కకు వెళ్ళి మా ఆయనకు ఫోన్ చేశాను. ఆయన ఆఫీసులో ఉన్నారు. పాతికేళ్ళ సంసారంలో ఏ విషయం మీదా ఒక అభిప్రాయం చెప్పిన మనిషి కాదు, "నీ ఇష్టం" అనడమే ఆయన వృత్తి. ఈయన్ని అడిగి ఏం లాభం అనుకుంటూనే అడిగాను.

"వేళ్ళతోనే వాయిస్తుంది" అన్నారు తడుముకోకుండా. "పిక్ అంటే చిరాకు దానికి. పైకి పాడదు, లోపల లోపల కూనిరాగం తీస్తుందంతే. చిటికెన వేలు కాస్త పొట్టి, అందడం లేదని తిట్టుకుంటూ ఉంటుంది. ఏం, ఎందుకూ?"

"మీకెలా తెలుసు ఇదంతా?"

"ఎదురుగా కూర్చునేవాణ్ణి కదా."

ఆ టైములో నేనెక్కడున్నానో నాకు బాగా గుర్తుంది. వంటింట్లోనో, పేపర్లు దిద్దుకుంటూనో ఉండి, "కాస్త సౌండ్ తగ్గించు" అని అరిచేదాన్ని. గిటారుకి సౌండ్ తగ్గించే మీట ఉండదని కూడా అప్పుడు తట్టలేదు. ఫోన్ పెట్టేశాక కాసేపు అక్కడున్న తబలాలు చూస్తూ నిలబడ్డాను. సిగ్గేసింది.

తిరిగొచ్చి జవాబులన్నీ నావే అయినట్టు అప్పజెప్పాను. దుకాణదారు విని, టీ చివరి గుక్క తాగి, "పాతయి ఎట్ల తెగినయ్ మేడం?" అన్నాడు.

"పాతబడి తెగిపోయాయి."

"ఆరుకు ఆరా?"

"ఆ, ఆరూ."

ఆయన కళ్ళద్దాల మీంచి నన్ను చూశాడు. "పాపది ఇంటర్ అయిపోయిందా?" అన్నాడు.

ఆయనేమీ వెక్కిరించలేదు, అదే ఇంకా ఇబ్బందిగా ఉంది. "రిజల్ట్స్ ఒచ్చినంక రెండు నెల్లు మాకు గిదే గిరాకీ మేడం. మీ అసుంటోళ్ళు మస్తు మంది ఒస్తరు. ఒకలు తీగలంటరు, ఒకలు కీబోర్డు వైరు కోసినం, వైరు ఉన్నదా అంటరు. పోయినేడు ఒక సారు వయొలిన్ కమాను తెచ్చిండు, రెండు ముక్కలు. అతుకుతదా అని అడిగిండు."

"అతికిందా?"

"గదెట్ల అతుకుతది మేడం."

ఆ సారెవరో గానీ, ఆయన కంటే నేను నయమే అని ఒక్క క్షణం సంతోషించాను కూడా. మనిషి బుద్ధి ఎక్కడికి పోతుంది.

ఆయన ఒక పల్చటి ప్యాకెట్ నా ముందు పెట్టాడు. "పది తీస్కపోండి. రెండేండ్లు ముట్టలేదు గద, వేళ్ళ మీది కాయలు పోయుంటయ్. మెత్తబడ్డ వేళ్ళకు గీ పదే మంచిగుంటది."

"ఇది తొందరగా తెగదు కదా?"

"పల్చటిది గద, జర తొందరగనే తెగుతది."

అక్కడితో నాకు ఆ ప్యాకెట్ మీద మనసు విరిగిపోయింది. మా ఇంటి సంగతి ఆయనకు తెలీదు. మా ఇంట్లో టీవీ రిమోట్‌కి ఇప్పటికీ ప్లాస్టిక్ కవరు ఉంటుంది. సోఫాకి కవరు, ఆ కవరు మాసిపోకుండా దాని మీద ఇంకో దుప్పటి. సోఫా రంగేమిటో మాకు గుర్తు లేదు. మా అమ్మాయికి స్కూలు బూట్లు ఎప్పుడూ ఒక సైజు పెద్దవే కొన్నాను, ముందు దూది కుక్కి. ఏ వస్తువైనా మా గుమ్మం లోపలికి రావాలంటే ఒక్కటే పరీక్ష, ఎన్నాళ్ళొస్తుంది. అలాంటి నాకు తొందరగా తెగుతుందని ఒప్పుకున్న వస్తువుని కొనమంటాడా.

"అన్నిటికన్నా గట్టిది ఏది?"

"గట్టిదంటే పన్నెండే. తుప్పు పట్టకుంట పూత ఉన్నది గూడ ఉన్నది. గాని పాపకు..."

"అదివ్వండి."

"వేళ్ళు కోస్కపోతయ్ మేడం."

"అలవాటవుతుంది లెండి" అన్నాను. రెండేళ్ళ క్రితం డీన్ గారు నాతో సరిగ్గా ఇదే మాట అన్నాడు, పొద్దున్నే నాలుగున్నరకు లేపడం గురించి.

"మీ ఇష్టం" అని ఆయన ప్యాకెట్ కవర్లో వేశాడు. "వాయించేది మీరైతే గాదు గద."

మర్నాడు మేమిద్దరం హాల్లో పాత దినపత్రికలు పరిచి, ఫోన్‌లో వీడియో పెట్టుకుని, ఆపరేషన్ మొదలుపెట్టాం. మా ఆయన గిటారు పట్టుకున్నారు, నేను తీగలు బిగించాను. వీడియోలో కుర్రాడు పది నిమిషాల్లో ముగించినదానికి మాకు మూడు గంటలు పట్టింది. మందపు తీగ వెళ్ళాల్సిన చోట సన్నది పెట్టి, మళ్ళీ విప్పి, తల ప్రాణం తోకకొచ్చింది. అయితేనేం, చివరికి ఆరు తీగలూ మెరుస్తూ నిలబడ్డాయి. వేలితో మీటితే ఇల్లంతా ఖంగుమంది. "చూశారా, ఎంత గట్టిగా ఉందో" అన్నాను. ఆయన "నీ ఇష్టం" అన్నారు.

ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి వచ్చేసరికి గిటారుని దివాన్ మీద, కొత్త దిండుకి ఆనించి, పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టాను. అది గుమ్మంలోనే చూసింది. కాళ్ళు కడుక్కుంది, భోజనం చేసింది, పిన్ని పంపిన పచ్చడి ఫ్రిజ్‌లో పెట్టింది. నేను పప్పు గిన్నె ఎన్నిసార్లు అటూ ఇటూ జరిపానో నాకే తెలీదు. చివరికి వెళ్ళి దివాన్ మీద కూర్చుంది. గిటారు ఒళ్ళోకి తీసుకుని, కీలు అటూ ఇటూ తిప్పి సరి చేసుకుని, ఎడమ చేతి వేళ్ళతో నొక్కింది. మీటితే డబ్బాలో రాళ్ళు వేసి ఊపినట్టు ఏదో మోత వచ్చింది. మళ్ళీ నొక్కింది. నాలుగోసారికి చెయ్యి వెనక్కి లాక్కుని వేళ్ళు ఊదుకుంది. వేళ్ళ కొసల మీద ఎర్రగా గీతలు పడ్డాయి.

"ఏ సెట్టమ్మా ఇది?"

"పన్నెండు. అన్నిటికన్నా మంచిదట. పూత కూడా ఉంది, చాన్నాళ్ళు వస్తుంది."

"నేనెప్పుడూ పదే వేసేదాన్ని కదా."

"పది తొందరగా తెగిపోతుందటే."

"తెగితే మార్చుకుంటాం. దానికేముంది?" అని గిటారు పక్కన పెట్టేసింది.

నాకు కోపం వచ్చింది. సెలవు పెట్టి, ఎండలో పడి వెళ్ళి, మూడు గంటలు తంటాలు పడితే ఇదా అనబోయాను. నోటి దాకా వచ్చింది. ఆ ఎర్ర గీతలు కనబడుతున్నాయి, అందుకని ఆగాను. ఆగితే, ఇంకో మాట వచ్చింది. నాకు సారీ చెప్పే అలవాటు లేదు. మా టీచర్లలో చాలామందికి ఉండదు. "ఆ రోజు నేను కోయకుండా ఉండాల్సిందే. తప్పు చేశాను" అన్నాను, గోడ వైపు చూస్తూ.

అది వేళ్ళ కొసలు రుద్దుకుంది. తర్వాత అంది, "నాకు నీ మీద కోపం లేదమ్మా. నువ్వు కోస్తుంటే కదలకుండా పట్టుకున్నది నేను. వద్దు అని ఒక్కసారి కూడా అనలేదు. ఆపగలిగేదాన్నో లేదో తెలీదు, కనీసం అనాలి కదా. దీన్ని చూస్తే అదే గుర్తొస్తోంది. అందుకే ఎవరికైనా ఇచ్చేయమన్నాను."

నేను దివాన్ అంచున కూర్చుండిపోయాను. అది నోరు విప్పనందుకు స్టాఫ్ రూములో చప్పట్లు కొట్టించుకున్నాను నేను. రెండేళ్ళుగా అది తననే తిట్టుకుంటోంది. నా కూతుర్ని బుద్ధిమంతురాలిగా పెంచాననుకున్నాను. ఏం పెంచానో అప్పుడు తెలిసింది. దాన్ని దగ్గరికి తీసుకోవాలనిపించింది, తీసుకునే ధైర్యం రాలేదు. ధైర్యం రాకపోతే నాకొచ్చే పని ఒక్కటే, ఏదో ఒకటి సర్దడం.

"రేపు నేను వెళ్ళి పదో నంబరు తెస్తాను. పొద్దున్నే వెళతాను. స్కూల్లో చెప్పి..."

"వద్దమ్మా."

మెల్లగానే అంది. కానీ నా మొహంలోకి చూసి అంది.

"నాక్కావాల్సింది నేనే తెచ్చుకుంటాను" అంది.

సోమవారం నేను స్కూలు నుంచి వచ్చేసరికి పన్నెండో నంబరు తీగలు ఆరూ చుట్టలు చుట్టి బల్ల మీద ఉన్నాయి. అది పదో నంబరు వేసుకుని, గదిలో మంచం మీద కూర్చుని సరి చేసుకుంటోంది. వెళ్ళి ఎదురుగా కూర్చుందామని కాఫీ గ్లాసు పట్టుకుని మరీ వెళ్ళాను. ఇన్నేళ్ళకి, మా ఆయనలా. అది తలెత్తి, "చేతులు ఇంకా రావట్లేదమ్మా. ఎవరూ వినొద్దు. తలుపు దగ్గరగా వేసి వెళ్ళవా" అంది. వేసి వచ్చేశాను.

కాసేపటికి మొదలుపెట్టింది. నెమ్మదిగా, కూడబలుక్కుంటూ. ఏదో ఒక చోటికి రాగానే తప్పుతోంది, ఆగి, మళ్ళీ మొదటి నుంచి వస్తోంది. అదే చోట నాలుగుసార్లు తప్పింది. ఇరవై రెండేళ్ళుగా తప్పు దొరికితే ఎర్ర సిరాతో సున్నా చుట్టిన మనిషిని, నా నోరు ఊరుకోదు. తలుపు దాకా వెళ్ళాను, తట్టడానికి చెయ్యి కూడా ఎత్తాను. దించేసుకుని వంటింట్లోకి వచ్చి, పొయ్యి మీది కుక్కర్ కూత పెట్టకముందే మంట ఆర్పేశాను. అక్కడే గచ్చు మీద కూర్చుని, ఏడుపొస్తుంటే కొంగు నోట్లో కుక్కుకుని, అది అయిదోసారి ఎప్పుడు మొదలుపెడుతుందా అని వింటున్నాను.